పాత కాగితంలో రాసిన టైము ఏ గడియారానిదో కనుక్కోవడం ఎలా?

మా తాతగారి పద్దుల పుస్తకం చివరి పేజీలో పెదనాన్న పుట్టిన వేళ రాసి ఉంది: "1944, భోగి. ఉదయం 7-10. ఇంకా పొద్దు పొడవలేదు." జాతకం రాసిన సిద్ధాంతిగారు అందులోంచి గంట తీసేసి లెక్క కట్టారట. ఎందుకు తీశారో ఇంట్లో ఎవరూ అడగలేదు.

జనవరి మధ్యలో విశాఖలో సూర్యోదయం దాదాపు ఆరున్నరకి. మరి ఏడూ పదికి పొద్దు పొడవకపోవడమేమిటి? యుద్ధం పుణ్యమా అని 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా మన గడియారాలన్నీ గంట ముందు నడిచాయి. సిద్ధాంతులకి ఇది కొట్టినపిండి. చరిత్ర రాసేవాళ్లే మర్చిపోతుంటారు.

మీ చేతికీ ఇలాంటి కాగితం దొరికితే ఇలా మొదలుపెట్టండి.

ముందు ఊరి సొంత టైము లెక్కగట్టండి. రేఖాంశం ఒక డిగ్రీ మారితే 4 నిమిషాల తేడా. ఇప్పటి భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖది. మీర్జాపూర్ దగ్గర మొదలెట్టి చెప్పే ఆ రేఖ నిజానికి మన తుని ప్రాంతం మీదుగానే సముద్రంలోకి దిగుతుంది. విశాఖ 83.3 దగ్గర ఉంది కాబట్టి ఇక్కడి సూర్యుడు ఆ టైముకి 3 నిమిషాలు ముందు. మద్రాసు 9 నిమిషాలు వెనక. అంటే విశాఖకీ మద్రాసుకీ మధ్య 12 నిమిషాలు. ఈ అంకె గుర్తుంచుకోండి, పనికొస్తుంది.

తర్వాత కాగితం తేదీ చూడండి. 1906 జనవరి 1కి ముందుదైతే ఒకే ఊళ్లో రెండు టైములు ఉండొచ్చు. రైళ్లు మద్రాసు టైము మీద నడిచేవి. వాల్తేరు (ఇప్పటి విశాఖపట్నం) స్టేషన్‌లో పది కొట్టేసరికి ఊళ్లో సూర్యుడి లెక్కన పదీ పన్నెండు. ఊరి టైముకి ఇక్కడ మంచి ఆధారమే ఉండేది: డాబా గార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు కట్టించిన వేధశాల, అంటే ఆకాశాన్ని గమనించే చోటు. డాల్ఫిన్స్ నోస్ మీద ధ్వజస్తంభం నాటించి, జెండాతో ఊరికి టైము తెలియజేసే ఏర్పాటు కూడా చేశారాయన. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటిపోవడాన్ని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఇక్కడి నుంచే గమనించారు. కాబట్టి ఆ రోజుల ఉత్తరంలో "9 గంటలకు" అని ఉంటే, అది రైలు గురించా, ఊరి పని గురించా అన్నది చూడకుండా ముందుకెళ్లొద్దు.

ఇంకా పాతవాటిలో గంటలే ఉండవు, గడియలుంటాయి. గడియ అంటే 24 నిమిషాలు, లెక్క సూర్యోదయం నుంచి. "పగలు 10 గడియలకు" అంటే పొద్దు పొడిచిన 4 గంటలకన్నమాట, పదింటికి కాదు.

ప్రభుత్వ ఉత్తర్వుల కోసమైతే విశాఖలోనే కూర్చుంటే సరిపోదు. 1953 దాకా మనది మద్రాసు పాలనే, కాబట్టి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్లాలి. ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్ అడగండి. సూచికల్లో "డేలైట్ సేవింగ్" (గడియారాన్ని ముందుకు జరపడానికి ఇప్పటి పేరు) అని వెతికి నేను ఒక రోజంతా పాడుచేసుకున్నాను. "స్టాండర్డ్ టైమ్", "అడ్వాన్స్‌డ్ టైమ్", "లోకల్ టైమ్" అని వెతకండి. ఊరి పేరు "వైజాగపటం" అని కూడా చూడండి. గుర్తింపు కార్డు, పెన్సిల్ తీసుకెళ్లండి. పేజీ ఫోటోకి అనుమతి దొరికితే తేదీ ఉన్న పైభాగం తప్పకుండా పడేలా తీయండి. ఇంటికొచ్చాక అది లేకపోతే ఉండే టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఉత్తర్వు దొరికితే పని అయిపోలేదు. జనం పాటించారా అన్నది వేరే సంగతి. 1906లో దేశానికంతటికీ ఒకే టైము పెట్టినా కలకత్తా తన టైముని 1948 దాకా వదల్లేదు, బొంబాయి 1955 దాకా. అందుకే గడియారం మారిన వారం నాటి పత్రికలు తిరగేసి బడి, కోర్టు, రైలు ప్రకటనలు చూడండి.

కంప్యూటర్‌ని గుడ్డిగా నమ్మొద్దు. మన ఫోన్లలో భారతదేశం టైముకి "ఏషియా/కోల్‌కతా" అని ఉంటుంది. కొన్ని పాత తేదీలకి అది కలకత్తా చరిత్రే చెబుతుంది. ఉదాహరణకి 1942 ఏప్రిల్ 6, విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డ రోజు. ఆ తేదీకి అది గంట ముందు టైము చూపిస్తుంది. అది బెంగాల్ ముచ్చట. మనకి ఆ మార్పు సెప్టెంబర్‌లో గానీ రాలేదు. పైగా జపాన్ నౌకాదళం ఎక్కడున్నా టోక్యో టైమే రాసుకునేది, మనకన్నా మూడున్నర గంటలు ముందు. విశాఖలో మధ్యాహ్నం ఒంటిగంట వాళ్ల పుస్తకంలో సాయంత్రం నాలుగున్నర. ఈ రెండింటినీ సరిచూడకుండా కలిపితే ఒకే దాడి రెండు దాడులైపోతుంది.

ఏ ఆధారమూ దొరకనప్పుడు సూర్యుణ్ణి అడగండి. కాగితంలో దీపాలు పెట్టే వేళ, పొద్దు వాలడం, నీడ లాంటి మాట ఏదైనా ఉందేమో వెతికి, ఆ రోజు విశాఖ సూర్యోదయాస్తమయాలతో పోల్చండి. జూన్‌లో ఇక్కడ పొద్దు ఐదున్నర లోపే పొడుస్తుంది, డిసెంబర్‌లో ఆరుంబావు దాటాక. గంట తేడా అయితే ఇట్టే బయటపడుతుంది. 12 నిమిషాల తేడా మాత్రం ఈ పద్ధతికి అందదు.

చివరికి రాసుకునేటప్పుడు కాగితంలో ఉన్న అంకె దిద్దకండి. పక్కన మీ లెక్క వేరే రంగుతో రాయండి. మా తాతగారి పేజీకి నేను అంటించిన చీటీ ఇది: "7-10, యుద్ధకాలం టైము. ఇప్పటి లెక్కన 6-10."