చౌరస్తా తీసి రౌండబౌట్ కట్టారు: ప్రమాదాలు నిజంగా తగ్గాయా అని తేల్చడం ఎలా

నడిరోడ్డు మీద గుండ్రంగా దిమ్మె కట్టి విగ్రహం నిలబెట్టినంత మాత్రాన అది రౌండబౌట్ అయిపోదు. లోపల తిరుగుతున్న బండికి బయటి నుంచి వచ్చేవాడు దారివ్వాలి. బ్రిటన్‌లో 1966లో ఈ రూలు పెట్టాకే రౌండబౌట్లు పనికొచ్చాయి. లెక్కలు తీయకముందే ఓ పావుగంట అక్కడ నిలబడండి. లోపలివాడే ఆగుతుంటే మీరు కొలవబోయేది పాత చౌరస్తానే.

తర్వాత పోలీస్ స్టేషన్. కట్టకముందు మూడేళ్లవి, కట్టాక మూడేళ్లవి ఎఫ్‌ఐఆర్‌లు కావాలి. పని జరిగిన నెలలు వదిలేయండి. ఇందులో ఒక తిరకాసు ఉంది. 2024 జులై 1న పాత శిక్షాస్మృతి ఐపీసీ పోయి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది. చావు కేసు అంతకుముందు 304ఏ, ఇప్పుడు 106(1). గాయాల కేసులు 337, 338 నుంచి 125కి మారాయి. పాత సెక్షన్లతోనే వెతికారా, ప్రమాదాలన్నీ ఒక్క రోజులో మాయమైపోతాయి!

నేను మొదటి రిపోర్టులో బోల్తా పడింది మాత్రం వేరేచోట. ముందటేడు 9 ప్రమాదాలు, కట్టిన తర్వాతి ఏడు 4. సగానికి పైగా తగ్గాయని రాసేశాను. మా సీనియర్ ఒక్కటే అడిగారు: "అసలు ఆ కూడలినే ఎందుకు ఎంచుకున్నారు?" ఆ ఏడు ప్రమాదాలు ఎక్కువయ్యాయి గనక! మామూలుగా అయిదు జరిగేచోట ఒకేడు తొమ్మిది జరిగితే, ఏమీ కట్టకపోయినా మరుసటేడు తగ్గుతాయి. మూడేళ్లు అడిగేది అందుకే. పెద్ద అధ్యయనాల్లో ఎంపిరికల్ బేయిస్ పద్ధతి (ఆ కూడలి లెక్కని అలాంటి కూడళ్ల సగటుతో కలిపి అంచనా వేయడం) వాడేదీ ఈ పొరపాటు దిద్దుకోవడానికే.

ఊళ్లోనే అంత ట్రాఫిక్ ఉండి, ఎవరూ ముట్టుకోని నాలుగైదు కూడళ్లు కూడా చూడండి. వాటి లెక్క 40 నుంచి 36కి దిగిందనుకోండి, మీ దగ్గరి 20 ఎలాగూ 18 అయ్యేది. కట్టాక 11 వస్తే దాన్ని 18తో పోల్చాలి.

మొత్తం కంటే రకం ముఖ్యం. నాలుగు రోడ్ల కూడలిలో బండ్ల దారులు కలిసే, విడిపోయే, అడ్డొచ్చే చోట్లు 32. ఒకే లేన్ రౌండబౌట్‌లో 8, అడ్డంగా దాటుకునేది ఒక్కటీ లేదు. అందుకని పక్కనుంచి గుద్దుకునేవి తగ్గాలి. రాసుకుపోవడాలు కాస్త పెరిగినా కంగారొద్దు. అమెరికాలో ఇలా మార్చిన 55 కూడళ్లలో మొత్తం ప్రమాదాలు 35 శాతమే తగ్గినా, గాయాలైనవి 76 శాతం తగ్గాయి. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో మాత్రం సైకిళ్లవాళ్లు గాయపడ్డ ప్రమాదాలు 27 శాతం పెరిగాయి. నడిచేవాళ్లు, సైకిళ్లు, బైకులు దేనికదే విడిగా లెక్కేయమనేది ఇందుకే.

ఇక చాక్‌పీసు, టేపు, ఫోన్‌లో స్టాప్‌వాచ్. దిమ్మెకి వచ్చే దారి మీద 25 మీటర్ల ఎడంతో రెండు గీతలు గీయండి. 3 సెకన్లలో దాటిన బండి గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఉన్నట్టు, 2 సెకన్లయితే 45. వంద బండ్లు కొలవండి. రాత్రి పదింటికి మళ్లీ కొలవండి. పగలు రద్దీయే బండ్లని ఆపుతుంది, రాత్రి రోడ్డు వంపే ఆపాలి.

ఎఫ్‌ఐఆర్ దాకా వెళ్లనివి కెర్బ్ రాళ్ల మీద దొరుకుతాయి. నలుపూ తెలుపూ రంగు మీద టైరు మరకలు, ఓ మూలకి ఊడ్చేసిన ఎర్రటి టెయిల్‌లైట్ ముక్కలు. ఒక ఊళ్లో అవన్నీ ఒకే దారి మొదట్లో కనిపించాయి. ఎందుకా అని స్కూటర్ నడిపేవాడి కంటి ఎత్తుకి వంగి చూశాను. ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, కుడివైపు నుంచి వచ్చే బండ్లని మొత్తం కప్పేస్తోంది.