చీటీలో 0-0-1, డ్యూటీ ఏమో రాత్రి: డిప్రెషన్ మాత్రలు వాడే లారీ డ్రైవర్లకు

మానసిక వైద్యుడు రాసే చీటీలో మాత్ర పేరు పక్కన చాలాసార్లు 0-0-1 అని ఉంటుంది. పొద్దున, మధ్యాహ్నం వద్దు, రాత్రికి ఒకటి అని. ఇంటిపట్టున పడుకునేవాళ్లకు ఇబ్బంది లేదు. విజయవాడ ఆటోనగర్‌లో సాయంత్రం లోడెత్తుకుని తెల్లారేసరికి చెన్నైకి దగ్గరపడాల్సిన డ్రైవరుకు మాత్రం రాత్రంటే స్టీరింగే. అందుకే డాక్టరు దగ్గర కూర్చోగానే మూడు సంగతులు చెప్పేయండి: లారీ నడుపుతానని, వారంలో ఎన్ని రాత్రులు రోడ్డు మీద ఉంటారో, ఒక్క పట్టున ఎన్ని గంటల నిద్ర దొరుకుతుందో. ఏ మాత్ర, ఏ వేళకు అన్నది వీటిని బట్టే తేలుతుంది.

ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, ఫ్లూఓక్సెటిన్ రకం మాత్రలతో చాలామందికి మత్తు తక్కువ. డాక్టరు సరేనంటే పొద్దున టిఫిన్ తర్వాతకి మార్చుకోవచ్చు. మిర్టాజపిన్, ట్రాజొడోన్, అమిట్రిప్టిలిన్ అలా కాదు, నిద్ర తెప్పిస్తాయి. వేసుకున్నాక ఏడెనిమిది గంటలు పడుకునే వీలుండాలి. లేచాక కూడా తల దిమ్ముగా ఉంటే ఆ పూట బండి తీయొద్దు. అమిట్రిప్టిలిన్ నోరు ఎండగొడుతుంది, చూపు మసకబారుస్తుంది. ఎదురు లైట్లు పడ్డప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. నరాల నొప్పికి, మైగ్రేన్‌కి కూడా ఇదే మాత్ర రాస్తారు కాబట్టి ఇద్దరు డాక్టర్ల దగ్గర నుంచి రెండు డోసులు వచ్చి పడకుండా చూసుకోండి.

అసలు తిరకాసు స్ట్రిప్ వెనక ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. అని ఒక్కటే ఉందా, కింద క్లోనజెపామ్ 0.5 మి.గ్రా. అని కూడా ఉందా? రెండూ కలిపిన మాత్రలు మన మెడికల్ షాపుల్లో మామూలే. బ్రాండు పేరులో ఒకటి రెండు అక్షరాలే తేడా. ఆ క్లోనజెపామ్ మత్తు మందు. ఒంట్లో దాని మోతాదు సగానికి తగ్గడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది. అంటే రోజూ వేసుకుంటే నిన్నటిది దిగకముందే ఇవాళ్టిది ఎక్కుతుంది. ‘డిప్రెషన్ మాత్రతో నిద్ర తన్నుకొస్తోంది’ అని వచ్చేవాళ్లలో కొందరి స్ట్రిప్ తిప్పి చూస్తే కారణం ఇదే. అలాగని మీకు మీరే ఆపేయొద్దు. కొన్నాళ్లు వాడి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. అది లేని మాత్ర రాయగలరా, లేదా మెల్లగా ఎలా తగ్గించాలో డాక్టరునే అడగండి.

మొదటి రెండు వారాలే గండం. వికారం, విరేచనాలు, నిద్ర చెదరడం, కంగారు ముందొస్తాయి. గుణం కనిపించేసరికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వీలైతే మొదటి వారం సెలవు పెట్టండి. తర్వాత పగటి పూట దగ్గర ట్రిప్పులతో మొదలుపెట్టండి. డోసు పెంచిన ప్రతిసారీ మళ్లీ ఇదే జాగ్రత్త. దాటొచ్చిన టోల్ గేటు గుర్తు లేకపోవడం, స్పీడ్ బ్రేకర్‌కి బ్రేకు ఆలస్యంగా పడటం, బండి గీత మీదికి జరగడం కనిపిస్తే పక్కకి ఆపి పడుకోవాల్సిందే, టీ తాగితే పోయేది కాదు. క్యాబిన్ నుంచి దూకొద్దు. కొన్ని మాత్రలకు లేవగానే బీపీ పడిపోతుంది. సీట్లో ఒక నిమిషం కాళ్లు కదిపి, క్యాబిన్ వైపు ముఖం పెట్టి, కమ్మీ పట్టుకుని దిగండి.

చచ్చిపోవాలన్న ఆలోచన ఎక్కువైనా (25 ఏళ్ల లోపు వాళ్లలో ఈ భయం మరీ ఉంది), నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, దుడుకుతనం వచ్చినా బండి ఆపి అదే రోజు డాక్టరుకి చెప్పండి. రోడ్డు మీద ఉంటే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు.

ఒడిశా వెళ్లి రిటర్న్ లోడు కోసం నాలుగు రోజులు ఆగిపోతే మాత్రలు అయిపోతాయి. ఒక్కసారిగా ఆగితే తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం మొదలవుతాయి. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లకు ఇది ఎక్కువ. ట్రిప్పు లెక్కకి పైన పది రోజులవి ఉంచుకోండి. చీటీ ఫోటో ఫోన్లో ఉండాలి. వేరే రాష్ట్రంలో బ్రాండు దొరకకపోతే అసలు మందు పేరు, మి.గ్రా. చూపించి తీసుకోవచ్చు. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి డోసు దగ్గరపడితే వదిలేయండి, రెండు కలిపి వేయొద్దు. నిద్ర తెప్పించే రకమైతే గుర్తొచ్చింది కదా అని డ్యూటీ మధ్యలో వేసుకోవద్దు. స్ట్రిప్పులు డాష్‌బోర్డు మీద ఎండకి మగ్గనివ్వకండి, బట్టల సంచిలో పెట్టండి.

నడుం నొప్పికి దారిలో కొనే మాత్రలో ట్రమడాల్ ఉందేమో చూడండి. దగ్గు సిరప్‌లో డెక్స్ట్రోమెథార్ఫాన్ కూడా అంతే. ఈ మాత్రలతో కలిస్తే వణుకు, చెమటలు, గుండె దడ, జ్వరం రావచ్చు, అప్పుడు నేరుగా ఆసుపత్రికే. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వీటితో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. నొప్పికి పారాసెటమాల్ మేలు. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ మత్తు మీద మత్తు. తాగుడు, నల్లమందు సంగతి చెప్పేదేముంది.

లైసెన్సు పోతుందన్న భయంతో కొందరు చీటీనే దాచేస్తారు. ఫలానా డిప్రెషన్ మాత్ర వాడేవారికి లైసెన్సు ఇవ్వకూడదని మోటారు వాహనాల చట్టంలో లేదు. బండి అదుపు తప్పేంత మత్తులో నడిపితే 185వ సెక్షన్, నడపగల స్థితిలో లేనని తెలిసీ నడిపితే 186. చీటీ ఉందని ఈ రెండింటి నుంచీ మినహాయింపు రాదు. రవాణా లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసేటప్పుడు ఫారం 1ఎ (ఆరోగ్య సర్టిఫికెట్) మీద డాక్టరు సంతకం కావాలి. ఆ డాక్టరుకి మాత్ర సంగతి చెప్పండి. నిలకడగా ఉన్నారని మానసిక వైద్యుడి దగ్గర ఒక కాగితం రాయించుకుని ఉంచుకుంటే పని తేలిక. ఓనరుకి జబ్బు పేరు చెప్పనక్కర్లేదు, ‘కొత్త మందు మొదలైంది, రెండు వారాలు నైట్ వద్దన్నారు’ అంటే చాలు.

కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కి డ్రైవర్లుగా వెళ్లేవాళ్లకు ఒక మాట: క్లోనజెపామ్ లాంటివి యూఏఈలో నియంత్రిత మందులు. సంచిలో వేసుకుని విమానం ఎక్కేయకండి. అక్కడి ప్రభుత్వ అనుమతి ముందే ఆన్‌లైన్లో తీసుకుని, చీటీ వెంట ఉంచుకోండి.