ఇంటి ముందు పెట్టినా సరే, కారుకు తాళం వేయండి

మే నెలలో నల్లగొండ ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది. ఆ ఎండలో నిలబెట్టిన కారు లోపల 10 నిమిషాల్లోనే ఇంకో 10 డిగ్రీల దాకా పెరుగుతుంది, అద్దం కాస్త దించి పెట్టినా పెద్ద తేడా రాదు, పైగా చిన్నపిల్లల ఒళ్లు మనకంటే చాలా తొందరగా వేడెక్కుతుంది.

పిల్లల్ని కారులో వదిలి పోకూడదని అందరికీ తెలుసు. కానీ పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాల్ బయటో, ఇంటి వాకిట్లోనో తాళం వేయని కారు కనిపిస్తే దాగుడుమూతలు ఆడుకుంటూ వాళ్లే ఎక్కేస్తారు. వెనక డోర్లకు చైల్డ్ లాక్ వేసి ఉందా, లోపలి నుంచి హ్యాండిల్ ఎంత లాగినా తెరుచుకోదు (డోర్ తీస్తే అంచులో చిన్న మీట ఉంటుంది చూడండి, అదే). అందుకే కాస్త ఊహ తెలిసిన పిల్లలకు ముందు సీట్లోకి దూకి ఆ డోర్ తీయడం, అది రాకపోతే హారన్ నొక్కుతూనే ఉండడం నేర్పండి. చాలా కార్లలో ఇంజిన్ ఆపి ఉన్నా హారన్ మోగుతుంది, మీ దాంట్లో మోగుతుందో లేదో ఇవాళే నొక్కి చూసుకోండి.

పిల్లలు కనబడకపోతే వీధంతా తిరగడానికి ముందు సంపు, కారు, డిక్కీ చూడండి.

లోపల ఇరుక్కుని వాడిపోయి కనిపిస్తే తాళంచెవి కోసం ఊరంతా ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు. పిల్లకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూలలో రాయితో కొట్టండి, ముందు అద్దం అంత తేలిగ్గా పగలదు. పక్కనున్న వాళ్లను 108కి చేయమనండి.