చెసపీక్ వేసవిలో తెరచాప పడవ మీద బస: కేబిన్ వేడెక్కకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

జూన్ నెలాఖరు నుంచి ఆగస్టు చివరి దాకా అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ అఖాతంలో గాలి వీచడం తగ్గుతుంది, తేమ పెరుగుతుంది, నీరు సైతం 27, 28 డిగ్రీల సెల్సియస్ వరకు వెచ్చబడుతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే ఆంధ్ర, తెలంగాణల నుంచి తల్లిదండ్రులు అమెరికాలోని పిల్లల ఇళ్ళకు వస్తారు. మేరీల్యాండ్, వర్జీనియాలలో ఉంటూ చిన్నదో పెద్దదో తెరచాప పడవ కొనుక్కున్న మనవాళ్ళు వారిని ఒక రాత్రి పడవలో ఉంచాలని ముచ్చటపడతారు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెను ఏటా చూసినవారికి ఇక్కడి 32 డిగ్రీలు ఒక లెక్కగా తోచవు. మా నాన్నగారు కూడా ఆ మాటే అని, భోజనం చేసి పడవ ముందుభాగంలోని చిన్న కేబిన్‌లో నడుం వాల్చారు. గంటన్నర తరువాత లేచేసరికి కళ్ళు తిరిగి మెట్లెక్కలేకపోయారు. నీడలో కూర్చోబెట్టి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, ఉప్పు వేసిన మజ్జిగ తాగిస్తే సాయంత్రానికి తేరుకున్నారు గానీ, పైన ఎండ కాస్తుండగా గాలి ఆడని కేబిన్‌లోకి ఆయనను పంపిన పొరపాటు నాదేనని ఈనాటికీ బాధపడుతుంటాను.

పొడి ఎండకూ తడి ఉక్కకూ ఉన్న తేడాను ముందుగా గుర్తించాలి. నిజామాబాదులోనో కరీంనగరులోనో కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లితే గది చల్లబడుతుంది, ఎందుకంటే అక్కడి పొడిగాలి ఆ తడిని వెంటనే పీల్చుకుంటుంది. అఖాతం మీది గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది కనుక తడిక ఆరదు, ఒంటి మీది చెమటా ఆరదు. అమెరికా జాతీయ వాతావరణ సేవా సంస్థ పట్టిక ప్రకారం 32 డిగ్రీల వేడికి 70 శాతం తేమ తోడైతే శరీరానికి దాదాపు 41 డిగ్రీలుగా అనిపిస్తుంది; ఆ లెక్క కూడా నీడలో ఉన్నవారికే, నేరుగా ఎండలో ఉంటే మరో ఎనిమిది డిగ్రీల దాకా పెరగవచ్చు. అందువల్ల నీళ్ళతో నడిచే ఎయిర్ కూలర్ పడవకు పనికిరాదు, పైగా కేబిన్‌లో తేమను మరింత పెంచుతుంది. మనకు మిగిలిన ఆధారాలు నీడ, కదిలే గాలి. యంత్రాల గురించి ఆ తరువాతే ఆలోచించాలి.

నీడ ఎప్పుడూ పడవకు బయటి వైపున పడాలి. పైకప్పు కిటికీలకు లోపలి నుంచి తెరలు వేస్తే వెలుగు తగ్గుతుంది గానీ, ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది కనుక వేడి కేబిన్‌లోనే ఉండిపోతుంది. ఆ కిటికీలకూ పక్కనున్న చిన్న గవాక్షాలకూ కొలతకు కుట్టించిన లేతరంగు కాన్వాస్ తొడుగులను బయటి నుంచే తగిలించాలి. వాటికన్నా ముఖ్యమైనది డెక్ మీద వేసే పందిరి. తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య మీదుగా, నిలువు స్తంభం నుంచి పడవ వెనుక దాకా గుడ్డను పరచి, అంచులను రెండు వైపులా కమ్మీలకు తాళ్ళతో కట్టాలి. గుడ్డకూ డెక్‌కూ మధ్య కనీసం ఒక అడుగు ఖాళీ ఉంటేనే ఆ సందులో గాలి పారుతుంది. డెక్‌ను ఆనుకుని పరచిన గుడ్డ దుప్పటి కప్పినట్లు వేడిని పట్టి ఉంచుతుంది. టేకు చెక్క పరచిన డెక్ తెల్లరంగు డెక్ కన్నా బాగా వేడెక్కుతుంది కనుక ఆ పడవలవారు పందిరి విషయంలో అశ్రద్ధ చేయకూడదు. పొద్దు వాలాక, మన ఊళ్ళలో పడుకోబోయే ముందు డాబా మీద నీళ్ళు పోసినట్లే, డెక్ మీద నాలుగైదు బకెట్ల నీళ్ళు గుమ్మరిస్తే పగలంతా పీల్చుకున్న వేడి చాలా వరకు దిగిపోతుంది.

అయితే ఈ పందిరి పిడుగులతో కూడిన గాలివానకు నిలవదు. వేసవిలో మధ్యాహ్నం దాటాక పశ్చిమం నుంచో వాయవ్యం నుంచో మబ్బు కమ్ముకొచ్చి, నిమిషాల్లోనే పెనుగాలి విరుచుకుపడడం ఇక్కడ పరిపాటి. గుడ్డ విప్పకపోతే అదే తెరచాపగా మారి పడవను లంగరుతో సహా ఈడ్చుకుపోగలదు. కాబట్టి ఒక్కరే రెండు నిమిషాల్లో విప్పగలిగేలా ముడులు వేసి, చీకట్లో కూడా ఒకసారి విప్పి సాధన చేయడం మంచిది.

గాలి సంగతికి వస్తే, రేవులో కట్టిన పడవకూ లంగరు వేసిన పడవకూ చాలా తేడా ఉంది. లంగరు మీదున్న పడవ సాధారణంగా తానే గాలికి ఎదురు తిరుగుతుంది, కనుక ముందుభాగపు పైకప్పు కిటికీ తెరిచి, గాలిని పట్టి కిందికి మళ్ళించే గుడ్డ గొట్టాన్ని దాని మీద కట్టి, వెనుక ద్వారం పలకలు తీసేస్తే గాలి ఆ కొస నుంచి ఈ కొసకు సాగిపోతుంది. వచ్చిన గాలి బయటికి పోయే దారి లేకపోతే ఎంత పెద్ద గొట్టం కట్టినా ఫలితం ఉండదు. లంగరు వేసే చోటును కూడా వేసవిలో వేరుగా ఎంచుకోవాలి. ఈ కాలంలో ఇక్కడ ఎక్కువగా దక్షిణపు గాలి వీస్తుంది, ఉరుములవాన మాత్రం పడమటి నుంచి వస్తుంది. అందుచేత పడమర, వాయవ్య దిక్కుల్లో గట్టు చాటు ఉండి, దక్షిణం వైపు తెరపిగా ఉన్న పాయ మేలు. చుట్టూ ఎత్తయిన చెట్లున్న ఇరుకు పాయ అందంగా కనిపించినా ఆ రాత్రి గాలి ఉండదు, దోమలు మాత్రం ఉంటాయి.

దోమతెర గాలిని బాగా అడ్డుకుంటుంది. కిటికీ చట్రంలో బిగుతుగా అమర్చిన చిన్న తెరకు బదులు, కిటికీని దాటి పరుచుకునేలా పెద్ద తెరను బయట గుడారంలా కడితే అదే గాలి ఎక్కువ వైశాల్యం గుండా లోపలికి వస్తుంది. ప్రతి పడక దగ్గరా 12 వోల్టుల చిన్న ఫ్యాన్ ఒకటి ఉండాలి. ఒక్కొక్కటి 0.4 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే నాలుగు ఫ్యాన్లు పది గంటలు తిరగడానికి 16 ఆంపియర్-గంటలు ఖర్చవుతాయి. 100 ఆంపియర్-గంటల మామూలు లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవడం మంచిది కనుక, ఫ్రిజ్, దీపాలు, లంగరు దీపం లెక్క కూడా కలిపి చూసుకోవాలి.

లోపల పుట్టే వేడిని చాలామంది మరచిపోతారు. చాలా పడవల్లో ఇంజిన్ కేబిన్ మెట్ల కిందే ఉంటుంది, ఆపిన తరువాత కూడా గంటల తరబడి సెగ చిమ్ముతుంది. గాలి లేని రోజున ఇంజిన్ మీదే ప్రయాణించక తప్పదు కాబట్టి, సాయంత్రం నాలుగింటికల్లా లంగరు వేసేలా బయలుదేరాలి. వంటను వీలైనంతవరకు ఇంటి దగ్గరే ముగించుకోవాలి. పులిహోర ఒక పూట నిలుస్తుంది; పెరుగన్నాన్ని మాత్రం ఐస్‌లో ఉంచకపోతే త్వరగా పులిసిపోతుంది. ఐస్‌ను ముక్కలుగా కాక దిమ్మగా కొంటే నెమ్మదిగా కరుగుతుంది. ప్రెషర్ కుక్కర్ ఆవిరి అప్పటికే చెమ్మగా ఉన్న కేబిన్‌ను భరించలేనిదిగా చేస్తుంది.

రేవులో ఎయిర్ కండిషనర్ వాడేవారు గట్టు నుంచి తెచ్చే 30 ఆంపియర్ల కరెంటు తీగ కొసలను దగ్గరగా పరిశీలించాలి. గోధుమరంగు మచ్చ కనిపించినా, ప్లాస్టిక్ కరిగినట్లున్నా ఆ తీగను వాడకూడదు, అది నిప్పు అంటుకునే ముందు కనిపించే గుర్తు. ఆ యంత్రం అఖాతపు నీటితో చల్లబడుతుంది కనుక నీరు లోపలికి వచ్చే చోటున్న జల్లెడలో గడ్డి, జెల్లీచేపలు ఇరుక్కోకుండా రోజూ శుభ్రం చేయాలి.

లంగరు మీద ఉన్నప్పుడు ఎయిర్ కండిషనర్ కోసం చేతిలో పట్టుకుపోయే పెట్రోలు జనరేటర్‌ను కాక్‌పిట్‌లో, అంటే పడవ వెనుక కూర్చునే తెరిచిన చోటులో, నడపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. దాని తొలి లక్షణాలైన తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం అచ్చం వడదెబ్బ లక్షణాల్లాగే ఉంటాయి కనుక, ఎండ తగిలిందని భావించి మనిషిని అదే కేబిన్‌లో పడుకోబెట్టే ప్రమాదం ఉంది. పక్కనున్న పడవ పొగ కూడా తెరిచిన కిటికీ గుండా రావచ్చు. పడుకునే ప్రతి చోటా కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టి, ఎవరికి తలనొప్పి వచ్చినా ముందు పైకి, స్వచ్ఛమైన గాలిలోకి తీసుకురావాలి.

ఉక్క భరించలేక పిల్లలు రేవులోనే నీళ్ళలోకి దూకబోతారు. గట్టు కరెంటు ఉన్న రేవులో ఈత కొట్టనివ్వకూడదు. లోపమున్న పడవ నుంచి నీటిలోకి పాకే విద్యుత్తు, ముఖ్యంగా మంచినీటిలో, ఈతగాడి కండరాలను బిగబట్టి ముంచేస్తుంది. లంగరు వేసిన చోట దూకే ముందు జెల్లీచేపలున్నాయేమో చూడాలి.

రక్తపోటుకు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వేసుకునే పెద్దలు ప్రయాణానికి ముందే వైద్యుని సలహా తీసుకోవాలి. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు వారిని కేబిన్‌లో కాక పందిరి కింద కూర్చోబెట్టాలి. దాహం అనకపోయినా గంటగంటకూ నీళ్ళో మజ్జిగో అందించాలి. మాట తడబడినా, మనిషి తికమకపడినా అది వడదెబ్బగా ఎంచి పడవలోని వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్‌లో కోస్ట్‌గార్డ్‌ను పిలవాలి, గట్టు దగ్గరుంటే 911కు ఫోన్ చేయాలి. సహాయం వచ్చేలోగా ఒళ్ళంతా తడిపి, విసురుతూ, మెడ మీద, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టాలి. స్పృహ సరిగా లేనివారికి నోటి ద్వారా నీళ్ళు పోయకూడదు.

శుక్రవారం సాయంత్రమే వాతావరణ సూచన చూసుకోండి. రాత్రి వేడి 26 డిగ్రీల కన్నా దిగదనీ, గాలి ఉండదనీ అందులో ఉంటే, పగలు కాసేపు పడవలో తిప్పి చీకటి పడేలోగా అమ్మానాన్నలను ఇంటికి చేర్చండి. పడవ బసను సెప్టెంబరు రెండో వారానికి, వారి తిరుగు ప్రయాణానికి ముందున్న చల్లని రాత్రులకు వాయిదా వేయండి.