తెలియని వాళ్లకు మెసేజ్ పెట్టేటప్పుడు

లింక్డ్‌ఇన్‌లో ముక్కూమొహం తెలియని వాళ్లకి "సార్, ఏదైనా జాబ్ ఉంటే చెప్పండి" అని పెడుతున్నారా? అది ఆపేసి, మీరు చేసిన పనిలోంచి ఒక ముక్క పంపి చూడండి.

1913 జనవరిలో రామానుజన్ కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి ఉత్తరం రాసినప్పుడు చేసింది అదే. మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమస్తానని, జీతం ఏడాదికి 20 పౌండ్లని మొదట్లోనే చెప్పేసి, కాగితాల నిండా తన సూత్రాలు పెట్టారు. అంతకుముందు అక్కడి ఇద్దరు గణితవేత్తలకు రాస్తే ఫలితం లేదు. మూడో ఆయన చదివారు. 1914 మార్చిలో రామానుజన్ ఇంగ్లండ్ ఓడెక్కారు.

నేనైతే మెసేజ్ ఐదారు వాక్యాలు దాటనివ్వను. ముందు వాళ్ల పనిలో నేను నిజంగా చదివిందేదో, తర్వాత నా పని లింకు, చివర ఒక్కటే ప్రశ్న. అది కూడా బస్సులో నిలబడి ఫోన్‌లో జవాబు కొట్టగలిగేంత చిన్నది: "ఈ గ్రాఫ్‌కి డేటా ఎక్కడ తీసుకున్నారండీ?" లాంటిది. రెజ్యూమె వాళ్లు అడిగితేనే.

జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తు చేయండి. రోజూ "హాయ్ సార్" అంటే బ్లాక్ చేస్తారు, అందులో వాళ్ల తప్పేం లేదు.