కువైట్‌కి కొత్తగా వచ్చిన మన ఆడవాళ్లకు తోడు నిలవాలంటే

మా రాయచోటి వైపు నుంచి ఇళ్లలో పనికి వచ్చేవాళ్లను నేను శుక్రవారాలు కలుస్తుంటాను. ముందు తిన్నావా అని అడగండి, కాగితాల సంగతి తర్వాత. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం ఫొటోలు ఇంటికి వాట్సాప్‌లో పంపించమనండి. ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం కువైట్ తెచ్చిన 2015 నాటి 68వ చట్టం ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి. ఆమె ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. ఇది నోటికి వచ్చేదాకా చెప్పండి. జీతం అందిన తేదీ రాసిపెట్టమనండి. రాయడం రాకపోతే ఇంటికో వాయిస్ మెసేజ్ చాలు.

కష్టం భరించలేక బయటికి వచ్చేస్తానంటే, తెలిసినవాళ్ల గదికి పంపొద్దు. పారిపోయిందని యజమాని కేసు పెడితే చిక్కుల్లో పడేది ఆమే. నేరుగా భారత రాయబార కార్యాలయానికి వెంటబెట్టుకుని వెళ్లండి. ఫిర్యాదు మీద సంతకం పెట్టేముందు అందులో ఏముందో ఆమెకు తెలుగులో వినిపించండి.