రీఫ్ ట్యాంకుకు ఎల్‌ఈడీ లైటు ఎలా ఎంచుకోవాలి? కొన్నాక ఎంత వెలుగులో నడపాలి?

రీఫ్ ట్యాంకు, అంటే ఉప్పునీళ్లలో పగడాలు పెంచే అక్వేరియం, పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది ‘ఎన్ని వాట్ల లైటు కొనమంటారు?’ అని. వాట్లు మీ కరెంటు బిల్లుకు సంబంధించినవి. పగడానికి వాటితో పనిలేదు. దాని ఒంటిమీద ఎంత వెలుగు పడుతోందన్నదే దానికి లెక్క. ఆ వెలుగు ఎంతో మన కంటికి తెలియదు. ఈ మాట నమ్మనివాళ్లే ఖరీదైన లైటు కొని, మొదటిరోజే వంద శాతంలో పెట్టి, రెండు వారాలకు తెల్లబోయిన పగడం ముక్కల ఫొటోలు పంపి ‘ఏమైందండీ?’ అంటారు. ఏమవుతుంది, కాల్చేశారు.

కొనే పని తేలికే, త్వరగా కానిచ్చేద్దాం. ఆరో మెట్టు దగ్గర మాత్రం నిదానంగా చదవండి.

1. ఏం పెంచుతారో ముందు తేల్చుకోండి

పగడం కండలో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు కాపురముంటుంది. వెలుగుతో అది తయారుచేసుకున్న ఆహారంలో చాలా భాగం పగడానికే పోతుంది. అంటే మీరు లైటు కొంటున్నది ఆ నాచు కోసం. దానికి అందే వెలుగును ‘పార్’ అనే కొలతతో చెబుతారు. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి చదరపు మీటరుకు సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ పడుతోందన్నదే ఆ లెక్క. మిట్టమధ్యాహ్నం ఎండ సుమారు 2000 ఉంటుంది. ట్యాంకులో మష్రూమ్ అనే రకం పగడాలకు 50 నుంచి 100 చాలు. జోవాలు, లెదర్‌లు, జీనియా అనే మెత్తటి రకాలు 75 నుంచి 150 మధ్య హాయిగా ఉంటాయి. అక్రోపోరా లాంటి రాతి పగడాలకే 200 నుంచి 350 దాకా కావాలి.

ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పాలి. అక్రోపోరా, బ్రెయిన్ కోరల్ లాంటి రాతి పగడాలన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. సీ ఫ్యాన్లు కూడా అందులోవే. పులి ఉన్న షెడ్యూల్ అది. ‘సముద్రం నుంచి తెప్పించాం, ఎవరికీ చెప్పకండి’ అంటూ అమ్మే ముక్కల జోలికి పోకండి. మన ఇళ్లలో నిశ్చింతగా, బిల్లు చేతిలో పెట్టుకుని పెంచుకునేవి చాలావరకు మెత్తటి పగడాలే. కాబట్టి విదేశీ వీడియోల్లో అక్రోపోరా తోటల మీద వేలాడే లైట్లు మీకు అక్కర్లేదు. మిగిలిన డబ్బుతో నీళ్లను చల్లబరిచే చిల్లర్ కొనండి. మే నెల హైదరాబాద్‌లో పగడాలు పోయేది వెలుగు తక్కువై కాదు, నీళ్లు 30 డిగ్రీలు దాటి. (అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి చదువుతున్నవాళ్లు అక్కడి నియమాలు చూసుకోండి. లైటు లెక్క మాత్రం ఎక్కడైనా ఒకటే.)

2. ట్యాంకును పైనుంచి కొలవండి

లీటర్లు చెప్పొద్దు. పొడవు, వెడల్పు, లోతు చెప్పండి. మామూలు లైటు ఫిక్చర్ ఒకటి మహా అయితే రెండడుగులకు రెండడుగులు కవర్ చేస్తుంది. 24×18×18 అంగుళాల ట్యాంకుకు, అంటే సుమారు 125 లీటర్లకు, ఒకటి సరిపోతుంది. మూడడుగులదానికి రెండు కావాలి. ‘పెద్దది ఒక్కటే మధ్యలో పెడితే?’ అని అడుగుతారు. వద్దు. మధ్యలో మంట, అంచుల్లో మసక. పైగా వెలుగు ఒకవైపు నుంచే పడితే పగడానికి రెండోవైపు నీడ పడుతుంది, ఆ వైపు చిక్కిపోతుంది. రెండు చిన్న లైట్లుంటే ఒకటి రిపేరుకు వెళ్లినా ట్యాంకు చీకటి పడదు.

3. రంగు

నీళ్లలో ఎరుపు మొదటి కొద్ది మీటర్లలోనే ఆగిపోతుంది. నీలం చాలా లోతుకు దిగుతుంది. పగడాల నాచు ఆ నీలానికే అలవాటుపడింది. అందుకని లైటులో 450 నానోమీటర్ల రాయల్ బ్లూ ప్రధానంగా ఉండాలి. 470 నీలం, 400–420 ఊదా, తెలుపు తోడుండాలి. ఎరుపు, పచ్చ చిటికెడు ఉంటే చాలు. మంచినీళ్ల మొక్కల ట్యాంకు లైటు, మిద్దెతోటకు వాడే గులాబీరంగు గ్రో లైటు దీనికి పనికిరావు, ఎంత చవకగా వచ్చినా సరే.

నీలం, తెలుపు ఛానెళ్లు విడివిడిగా, సున్నా నుంచి వంద దాకా తగ్గించుకునేలా ఉండాలి. ఆన్, ఆఫ్ మాత్రమే ఉన్న లైటు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. డబ్బా మీద వెలుగు రంగు చెప్పే ‘20,000 కెల్విన్’ అని పెద్దక్షరాల్లో ఉంటే దాన్ని పట్టించుకోవద్దు. ఛానెళ్లు మార్చిన ప్రతిసారీ ఆ అంకె మారిపోతుంది. నీలం ఎంతుంటే తెలుపు అందులో ఐదో వంతు ఉండాలి. ఒట్టి నీలంలో ట్యాంకు నడిపితే చేప ఒంటిమీద మచ్చ వచ్చినా కనబడదు.

4. ఏ లైటు?

రేడియాన్, ఏఐ హైడ్రా, ఏఐ ప్రైమ్, కెసిల్: ఈ నాలుగు పేర్లే వింటారు. నాలుగూ మంచివే. కెసిల్‌లో వెలుగంతా ఒకే చోటు నుంచి వస్తుంది కాబట్టి ఇసుక మీద అలల తళుకు అందంగా ఉంటుంది. నా ఓటు దానికే. చైనా నుంచి వచ్చే ‘బ్లాక్ బాక్స్’ లైట్లు చవక, మెత్తటి పగడాలు వాటికిందా పెరుగుతాయి. కానీ వాటిలో చాలావాటికి లెన్సులు ఇరుకు. లైటుకు సరిగ్గా కింద ఉన్న ముక్క మాడుతుంది, అడుగు దూరంలో ఉన్నది ఆకలితో ఉంటుంది. రాయి నీడ చూడండి, అంచుల్లో ఎరుపూ పచ్చా నీలం విడివిడిగా కనిపిస్తాయి. ఆ డిస్కో నాకు పడదు.

పాతకాలపు టీ5 ట్యూబ్‌లైట్లు వాడే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వెలుగు సమానంగా పరుచుకుంటుందని వాళ్లనేది నిజమే. కానీ ఏటా ట్యూబులు మార్చాలి, ఆ రంగు ట్యూబులు మన ఊళ్లలో దొరకవు. మెటల్ హాలైడ్ అనే పాతరకం బల్బు సంగతి మాట్లాడకపోవడమే మంచిది. 250 వాట్ల బల్బు కింద వేసవిలో చిల్లర్ ఎడతెరిపి లేకుండా తిరగాల్సిందే. ఎల్‌ఈడీకీ వేడి ఉంటుంది, కానీ అది హీట్ సింక్ (వేడిని లాగే లోహపు పలక) మీదుగా పైకి పోతుంది.

అమ్మేవాణ్ని రెండు ప్రశ్నలు అడగండి. ఎన్ని అంగుళాల ఎత్తులో ఎంత పార్ వస్తుందో చార్టు ఉందా? ఫ్యాను, అడాప్టర్ విడిగా దొరుకుతాయా? రెండింటికీ నీళ్లు నమిలితే వేరే దుకాణం చూసుకోండి.

5. బిగించడం

నీటిమట్టానికి 8 నుంచి 10 అంగుళాల ఎత్తులో ఉండాలి. సీలింగ్ హుక్కుకు వేలాడదీయండి. గాజు అంచుకు క్లిప్ వేస్తే ఉప్పు తుంపర్లు లైటును తినేస్తాయి. వైరు సాకెట్ కన్నా కిందికి ఒకసారి వంగి పైకి రావాలి, లేకపోతే నీటిచుక్క నేరుగా సాకెట్‌లోకి పోతుంది. ఆ లైనుకు 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను తెంచేసే స్విచ్చు, తప్పనిసరి. ఉప్పునీళ్లు, కరెంటు, మన చేతులు ఒకేచోట ఉండే వ్యవహారం ఇది. కరెంటు పోయి వచ్చాక టైమర్‌కు టైము గుర్తుందో లేదో ప్లగ్గు పీకి చూడండి. ఇన్వర్టర్ మీద లైటు పెట్టే పనిలేదు. నీళ్లను కదిపే పంపు, వేవ్‌మేకర్, పెట్టండి. ఒక పూట చీకట్లో పగడం బతుకుతుంది, నీళ్లు కదలకపోతే బతకడం కష్టం.

6. ఎంత శాతంలో నడపాలి?

అసలు పని ఇది. తొందరపడి పోగొట్టుకునేదీ ఇక్కడే.

మొదట కంటిని నమ్మడం మానేయండి. మన కన్ను 555 నానోమీటర్ల పచ్చరంగును బాగా పట్టుకుంటుంది. దాన్ని వందనుకుంటే, 450 దగ్గరి నీలం మనకు నాలుగు మాత్రమే. అదే నీలాన్ని పగడంలోని నాచు ఇష్టంగా తాగుతుంది. ‘ఏమీ వెలుగే లేదే, మసకగా ఉందే’ అని మీరు స్లయిడర్ జరుపుతున్నప్పుడు పగడం మీద ఎండ కాస్తుంటుంది. ఫోన్‌లో వెలుగు కొలిచే లక్స్ యాప్ కూడా మనిషి కంటి లెక్కే కొలుస్తుంది కాబట్టి నీలం లైటు కింద దాని అంకెకు విలువ లేదు. లక్స్‌ను ఏదో సంఖ్యతో భాగిస్తే పార్ వస్తుందనే సూత్రాలు ఎండకు పనికొస్తాయి, ఈ లైటుకు కాదు.

పార్ మీటరు కావాలి. కొననక్కర్లేదు, తోటి హాబీవాళ్ల దగ్గర ఒక్కరోజుకు తీసుకోండి. అపోజీ ఎంక్యూ-510 అయితే మంచిది. అదే కంపెనీ పాత ఎంక్యూ-200 నీలాన్ని తక్కువగా చూపిస్తుంది, ఆ అంకె నమ్మి లైటు పెంచితే నష్టం మీకే. కొలిచేటప్పుడు పంపులు ఆపండి, లేకపోతే అలలకు అంకె గంతులేస్తుంది. సెన్సార్‌ను కర్రకు కట్టి ముఖం నేరుగా పైకి ఉండేలా పట్టుకోండి. ఇసుక మీద, రాయి నడుమ, రాయి కొసన మూడు లోతుల్లోనూ, మధ్యలోనూ మూలల్లోనూ కొలవండి. అంకెలు కాగితం మీద రాసి ట్యాంకు స్టాండు తలుపు లోపల అంటించండి. ఆ కాగితం లేకుండా పగడం కొనడానికి వెళ్లొద్దు.

మీటరు దొరకనే దొరకదంటే కంపెనీ చార్టు చూసి, మీ లోతులో 50 పార్ వచ్చే శాతంతో మొదలుపెట్టండి. చార్టు కూడా లేకపోతే నీలం 20 శాతం, తెలుపు 4. నవ్వకండి, అక్కడి నుంచే.

కొత్త ముక్క దుకాణంలో మసక లైటు కింద ఎన్నాళ్లుందో మనకు తెలియదు. నాలుగు గోడల మధ్య పెరిగిన పిల్లాణ్ని రోహిణి కార్తె ఎండలో నిలబెడితే ఏమవుతుందో దానికీ అదే అవుతుంది. దాని చివరి చోటు రాయి మీదే అయినా మొదటి రెండు వారాలు ఇసుక మీదే ఉంచండి. తర్వాత ఒక్కో మెట్టూ పైకి.

లైటు పెంచడం వారానికి ఐదు శాతం. ‘పది పెంచితే?’ అని అడిగేవాళ్లుంటారు. ఐదే. వెలిగే సమయం ఆరు గంటలతో మొదలై ఎనిమిది, తొమ్మిదికి చేరాలి. కానీ ఒకే వారంలో శాతమూ గంటలూ రెండూ పెంచకూడదు. ఎందుకంటే పగడానికి లెక్క రోజు మొత్తంలో అందిన వెలుగు. 100 పార్ పది గంటలు వెలిగితే చదరపు మీటరుకు 3.6 మోల్స్. 125 పార్ ఎనిమిది గంటలు వెలిగినా అంతే. రెండింటినీ పాతిక శాతం చొప్పున పెంచారనుకోండి, మొత్తం పాతిక కాదు, 56 శాతం పెరుగుతుంది. చాలామంది దెబ్బతినేది ఈ గుణకారం దగ్గరే.

ఇక చూస్తూ ఉండాలి. వెలుగు చాలకపోతే జోవాల కాడలు పొడవుగా సాగుతాయి, రంగు గోధుమకు తిరుగుతుంది. ఎక్కువైతే మష్రూమ్‌లు ముడుచుకుంటాయి, రంగు పలచబడుతుంది. జోవాలు మధ్యాహ్నం మూసుకుని సాయంత్రం లైటు తగ్గాక తెరుచుకుంటున్నాయంటే చెప్పాల్సింది చెప్పేసినట్టే. తక్కువ వెలుగు నష్టం నెలల మీద తెలుస్తుంది, దిద్దుకోవచ్చు. ఎక్కువ వెలుగు నష్టం రోజుల్లోనే జరిగిపోతుంది. నాచు తట్టుకోలేనంత వెలుగు పడితే కండలో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పేరుకుంటాయి, పగడం ఆ నాచునే బయటికి తోసేస్తుంది. ఆపైన మిగిలేది తెల్లటి ఆకలి. నీళ్లు వేడెక్కితే ఈ ప్రమాదం రెట్టింపు. 1998లో, 2010లో, 2016లో లక్షద్వీప్ పగడపు దిబ్బలు తెల్లబడింది వేడి నీళ్ల వల్లే. అందుకే చిల్లర్ చెడిపోయిన రోజు లైటు సగానికి తగ్గించాలి.

ముక్క పాలిపోతున్నట్టు అనిపిస్తే శాతాన్ని మూడో వంతు తగ్గించి, చేతులు కట్టుకుని కూర్చోండి. ముక్కను జరపొద్దు, మందులు పోయొద్దు, నీళ్లన్నీ మార్చొద్దు. నాలుగు పనులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. కోలుకోవడానికి వారాలు పడుతుంది. అయితే ముడుచుకున్న ప్రతి పగడానికీ లైటే కారణం కాదు. ఉప్పు సాంద్రత, ఆల్కలినిటీ (నీటి క్షార గుణం) పరీక్షించకుండా స్లయిడర్ ముట్టుకోవద్దు.

7. ఎవరూ చెప్పని పెరుగుదలలు

మీరు స్లయిడర్ కదపకుండానే వెలుగు పెరిగే సందర్భాలున్నాయి. యాప్ అప్‌డేట్ అయ్యాక సెట్టింగులు మొదటికొచ్చి లైటు వంద శాతంలో వెలగవచ్చు, ఆ రోజు తప్పకుండా చూసుకోండి. లెన్సు మీద పేరుకున్న ఉప్పు తుడిస్తే ఒక్కసారిగా పార్ పెరుగుతుంది. అందుకే వారం వారం తడిగుడ్డతో తుడవాలి, ఏడాదికోసారి కాదు. అన్నిటికన్నా దొంగది యాక్టివేటెడ్ కార్బన్, అంటే నీళ్లలోని పసుపును పీల్చేసే బొగ్గు. నెలల తరబడి పసుపెక్కిన నీళ్లు కార్బన్ వేసిన ఒకట్రెండు రోజుల్లో అద్దంలా తేరుకుంటాయి, మీరు మురిసిపోతుంటారు, కింద పగడాలకు ఎండ పెరుగుతుంది. కార్బన్ వేసేముందే లైటు పది శాతం తగ్గించి, రెండు వారాల్లో మళ్లీ పాత అంకెకు తీసుకురండి.